సాంచెల సందులో మామ నేర్పిన యోగా

"మామ పోయిండు. రాదల్సుకుంటె రా."

ఫోనులో బావ అన్నది అంతే. ఎప్పుడు, ఎట్లా అని అడిగేలోపే పెట్టేశాడు. ఈ బావ నాకు చుట్టమేమీ కాదు, పదకొండేళ్ళు నా పక్క సాంచెల మీద పనిచేసినవాడు. సాంచెలంటే మా దగ్గర మరమగ్గాలు. మామ కూడా చుట్టం కాదు. మా వాడకట్టులో పెద్దవాడు గనక మామ, నాకు యోగా నేర్పాడు గనక గురువు. పొద్దున్నే చాయ్ తాగి, ఛాతీలో ఏదో పట్టినట్టుందని గడప మీద కూర్చున్నాడట. కరీంనగర్ తీసుకుపోతుంటే తోవలోనే అయిపోయింది. ఇవన్నీ తర్వాత ఇంకొకరి దగ్గర తెలుసుకున్నాను. మా దిక్కు చావు కబురు చెప్పేటప్పుడు "రాదల్సుకుంటె రా" అని ఎవరూ అనరు, శత్రువుకు కూడా "జల్ది రా" అనే చెబుతారు. బావ తప్పు మాట్లాడలేదు. నాకు అట్లాగే చెప్పాలి.

గంటలో ఫోనులో మా యోగా క్లాసు గ్రూపులో వార్త పడింది. ముప్పై మంది దండం బొమ్మలు పెట్టారు. రోజూ శుభోదయానికి పెట్టే దండాలే అవి. వాటి కిందనే ఒకాయన "రేపు క్లాసు ఉంటదా సార్" అని అడిగాడు. మూడో రోజుకు మా క్లాసు జరిగే దవాఖాన ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో మామ ఫోటో ఒకటి, నివాళి అర్పిస్తున్నవాళ్ళ ఫోటోలు ఇరవై. కింది వరసలో చేతులు జోడించుకుని నేనూ ఉన్నాను. సంతాప సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మామ యోగాకు జీవితం అంకితం చేశాడనీ, ఆయన చూపిన బాటలో నడుస్తున్నాననీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని కూడా మా ఊళ్ళో తెలియదు. ఇంటికొచ్చి, అక్కడ చెప్పనిదే ఇక్కడ రాస్తున్నాను. చదివి నన్ను ఏమనుకున్నా పరవాలేదు, నేను ఇప్పటికే అనుకున్నాను.

నాకు ముప్పై నాలుగేళ్ళప్పుడు నడుము పట్టింది. ఎనిమిది సాంచెల మధ్య రోజుకు పన్నెండు గంటలు తిరిగే మనిషికి నడుము పట్టడం వింతేమీ కాదు. పోగు తెగితే వంగాలి, దారం చుట్టిన కండె అయిపోతే వంగాలి, బట్ట ఎట్లా వస్తున్నదో చూడాలంటే వంగాలి. కరీంనగర్‌లో చూపించుకుంటే డాక్టరు ఒక బెల్టు రాసి, మూడు నెలలు ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. నిలబడకుండా సాంచె ఎట్లా నడపాలో మాత్రం చీటీలో రాయలేదు. బెల్టు కట్టుకుని మళ్ళీ పనిలోకే వచ్చాను.

మామ మా కార్ఖానాలోనే అవతలి వరసలో పనిచేసేవాడు. అప్పటికి దుబాయి నుంచి వచ్చి రెండేళ్ళయింది. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, భుజం మీద తువ్వాల. నేను కింద పడ్డ కండెను తీయడానికి వంగి, అట్లాగే సగంలో ఆగిపోయాను. పైకి రాను, కిందికి పోను. మామ వచ్చి నా వెన్నుపూస చివర రెండు వేళ్ళు పెట్టి నొక్కాడు. ఇంకో చేత్తో మోకాలి వెనక తట్టాడు. మోకాళ్ళు వంగాయి, నడుము వదులైంది, లేచాను. చాయ్‌కు బయటికి వచ్చినప్పుడు అన్నాడు:

"రేపు పొద్దుగాల షిఫ్టు మారకముందే రా. కడుపు ఖాళీగ రా, చాయ్ గూడ తాగకు."

"యోగానా మామా? నాతోని అయితదా? కింద కూసుంటెనే లేవస్తలేదు."

"గందుకే రమ్మంటున్న. కూసునుడు అందరికొస్తది. నేను లేసుడు నేర్పుత."

మామ దుబాయిలో తొమ్మిదేళ్ళు కట్టడం పని చేశాడు. ఒకసారి చెక్కలు మోస్తూ జారిపడి వెన్ను దెబ్బతిన్నది. క్యాంపు గదిలో ఎనిమిది మంది, మంచాల మీద మంచాలు. కింది మంచంలో కదలలేక పడి ఉంటే, ఎదుటి మంచంలో ఉండే నేపాలీ ముసలాయన, ఆ క్యాంపుకు వంట చేసే మనిషి, రోజూ పని అయ్యాక వచ్చి మామ కాళ్ళూ చేతులూ పట్టి కదిలించేవాడట. ఆయన మాట మామకు తెలియదు, మామ మాట ఆయనకు తెలియదు. చేతులతో చూపించడం, వేళ్ళతో తట్టడం, అంతే. నాలుగు నెలలకు మామ లేచి నిలబడ్డాడు. తర్వాత ఇంకో మూడేళ్ళు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. నేలమీద జాగ లేదు గనక అంతా మంచం మీదనే. అందుకే మామ యోగాకు ఒక కొలత ఉండేది, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. చేతులు బారచాపేది ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు. పైకి లేస్తే తల పైమంచానికి తగులుతుందన్నట్టు మెడ కొంచెం వంచి లేచేవాడు. ఆ అలవాటు చచ్చేదాకా పోలేదు.

ఆ కొలత మాకు సరిగ్గా సరిపోయింది. రెండు సాంచెల నడుమ సందు కూడా అంతే ఉంటుంది.

మొదటి రోజు పొద్దున నేను పోయేసరికి రాత్రి షిఫ్టు వాళ్ళ సాంచెలు ఇంకా నడుస్తున్నాయి. కార్ఖానాలో అడుగు పెడితే మనిషి మాట మనిషికి వినబడదు. అందుకే మాకు చేతుల భాష ఒకటి ఉంది. పోగు తెగిందని చెప్పడానికి ఒక సైగ, చాయ్ వచ్చిందనడానికి ఒకటి, ఆసామి, అంటే సాంచెల యజమాని, వస్తున్నాడనడానికి మీసం దువ్వినట్టు ఒకటి. మామ వీటికి తన సైగలు కలిపాడు. అరచెయ్యి బోర్లా పెడితే పడుకో అని. పిడికిలి మెల్లగా విప్పితే ఊపిరి వదులు అని. అరచేతిని మణికట్టు దగ్గర వెనక్కి వంచితే, మోకాళ్ళ మీద నిలబడి నడుము వెనక్కి వంచి మడమలు పట్టుకో అని. మాకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఆ చివరిదే. రోజంతా ముందుకు వంగేవాళ్ళం, ఒక్కసారన్నా వెనక్కి వంగాలి కదా.

కింద పరవడానికి పనికిరాని బట్ట ముక్క. నా చేతులు మోకాళ్ళు దాటలేదు. పిక్కలు వణికాయి. ఆ వారం రాత్రి షిఫ్టులో ఉండి పక్కన సాంచె నడుపుతున్న బావ నన్ను చూసి నవ్వి దారం తెంపుకున్నాడు. మామ మాత్రం నవ్వలేదు. నా వీపు మీద రెండు వేళ్ళు పెట్టి ఎక్కడ బిగించుకున్నానో అక్కడే తట్టేవాడు. మనకు నొప్పి ఒకచోట తెలుస్తుంది, మామ వేళ్ళు ఇంకోచోట ఆగేవి. ఆగినచోటే వదలాల్సింది ఉండేది.

ఊపిరికి మామ పెట్టిన లెక్క వింటే యోగా చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వారు కూడా. సాంచె దెబ్బలే మా లెక్క. పది దెబ్బలకు లోపలికి, పదిహేను దెబ్బలకు బయటికి. కార్ఖానా గాలి నిండా దూది నుసి గనక లోపల ఉన్నంతసేపు గట్టిగా పీల్చనిచ్చేవాడు కాదు. "ఈడ ఇడుసుడు నేర్సుకో. ఇడిసినంక లోపలికి గదే వస్తది, ఫికర్ జెయ్యకు" అనేవాడు. నిండుగా పీల్చడానికి కార్ఖానా బయట వెనక గోడ దగ్గరికి తీసుకుపోయేవాడు. గోడ ఆనుకుని నిలబడితే సాంచెల దెబ్బలు వీపుకు తెలిసేవి. లెక్క తప్పేది కాదు. చివర కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకోబెడితే ఆ మోతలోనే గురకలు పెట్టేవాళ్ళం. కరెంటు పోయి సాంచెలు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచేవాళ్ళం.

పది రోజులకు నాకు తొందర పుట్టింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళందరికీ వచ్చే రోగమే ఇది. ఫోనులో ఎవరో కాళ్ళు తల మీదుగా వెనక్కి వేస్తుంటే చూసి, ఇంట్లో నేనూ వేశాను. మెడ పట్టేసింది. మర్నాడు మెడ ఒకవైపే పెట్టుకుని పోతే మామకు కోపమొచ్చింది.

"సర్కస్ల జేరుతవా? ఎవలు సూడాలని ఏసినవ్?"

"ఎవలు లేరు మామా, ఊకనే సూద్దామని."

"ఎవలో సూస్తున్నరనుకోని చేసేది ఏదైన గిట్లనే విరుగుతది. నడుమైన, మనిషైన."

ఆ మాట అప్పుడు నా మెడ గురించే అనుకున్నాను.

మూడు నెలలకు బెల్టు తీసి దూలానికి వేలాడేశాను. ఆర్నెల్లకు మేం తొమ్మిది మందిమి అయ్యాం. నవ్విన బావ కూడా వచ్చి చేరాడు. పొద్దున్నే కల్లు తాగొచ్చే ఒకాయన ఒంటికాలి మీద అందరికన్నా ఎక్కువసేపు నిలబడేవాడు, దానికి కారణం మామకు కూడా అంతుబట్టలేదు. సాంచెలు బంద్ ఉన్న రోజు మామ ఇంటి ముందు చేసేవాళ్ళం. అయ్యాక అత్త జొన్న అంబలి పోసేది. నేను మొహమాటపడితే "తాగు అల్లుడా, ఖాళీ కడుపుతోని ఎగిరి ఎగిరి పాణం పోతది" అనేది. అత్తకు యోగా అంటే ఎగరడమే. మామ ఒక్కనాడు పైసా అడగలేదు, ఒక దండ వేయించుకోలేదు, గురువుగారూ అని ఎవరన్నా అంటే చుట్టూ చూసేవాడు, ఎవరిని పిలుస్తున్నారా అన్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి.

సాంచెలకు ఆర్డర్లు తగ్గాయి. నా ఎనిమిది సాంచెల్లో నాలుగు ఆపేశారు, వారానికి మూడు రోజులు పని. ఆ రోజుల్లోనే మా ఊరి ఆయుర్వేద దవాఖానకు యోగా నేర్పే మనిషి కావాలని ప్రకటన వచ్చింది. నెలనెలా గౌరవ వేతనం. దవాఖాన డాక్టరు మేడం ఒకసారి మా కార్ఖానాకు వచ్చి మామ నేర్పేది చూసింది. ఆమె మామను పిలిచి, "సర్టిఫికెట్ లేకపోయినా అనుభవం రాసి పంపిస్తాను, కరీంనగర్ పోయి చేసి చూపించండి చాలు" అన్నది. మామ నా దగ్గరికి వచ్చాడు.

"అల్లుడా, జర తోడు రా. ఆఫీసులంటె నాకు పరేషాన్."

సరే అన్నాను. నేను కూడా దరఖాస్తు పెట్టానని చెప్పలేదు. అప్పటికి రెండు నెలల కిందటే ఫోనులో ఒక కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. సాంచెల సందులో మామ నేర్పినవాటికి పుస్తకంలో ఉన్న పేర్లు ఏమిటో ఒక్కొక్కటే చూసి బట్టీ పట్టాను. వెనక్కి వంగి మడమలు పట్టుకునేది ఉష్ట్రాసనం. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తేది భుజంగాసనం. మామకు ఈ పేర్లు ఒక్కటీ తెలియవు. నేపాలీ ఆయన చెప్పలేదు, చెప్పినా మామకు అర్థమయ్యేది కాదు. ఒకసారి నేను పేర్లెత్తితే "పేరు తెలిస్తె నడుము వంగుతదా" అని కొట్టిపారేశాడు.

బస్సులో మామ కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టాడు. బస్టాండులో నేను మిర్చి బజ్జీలు తినమంటే నాకే పెట్టించి, తాను కడుపు ఖాళీగా ఉండాలని చాయ్ కూడా తాగలేదు. ఆఫీసు వరండాలో పేర్లు పిలిచేటప్పుడు ముందు నా పేరు వచ్చింది. మామ నా మొహం వైపు చూశాడు. నేను లేచాను. అప్పుడు మామ నా భుజం తట్టి, "మంచిగయింది అల్లుడా. ఇద్దర్ల ఎవలికొచ్చిన మనదే గద" అన్నాడు.

లోపలికి నలుగురిని కలిపి పిలిచారు. ఒకరు చేస్తుంటే మిగతావాళ్ళం గోడ పక్కన నిలబడాలి. బల్ల వెనక ముగ్గురు. నేను అడిగినవి చేశాను, పేర్లు చెప్పాను. తర్వాత మామ. ఊపిరి ఎట్లా నేర్పుతారని అడిగితే సాంచె దెబ్బల లెక్క చెప్పాడు. ముగ్గురూ నవ్వారు. వెక్కిరింపు కాదు, ముచ్చటపడే నవ్వే అనుకుంటాను, కానీ మామ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు బల్ల మధ్యలో కూర్చున్నాయన అన్నాడు: "ఉష్ట్రాసనం వేసి చూపించండి."

మామ నిలబడ్డాడు. ఆ మనిషి ఆ ఆసనం మంచం మీద వేసి, సందులో వేసి, తొమ్మిది మందితో వేయించి మా నడుములు నిలబెట్టినవాడు. ఏది అడుగుతున్నారో తెలియక నిలబడ్డాడు. తల తిప్పి నా వైపు చూశాడు.

నేను నోరు తెరవక్కర్లేదు. మామ చూస్తున్నాడు, బల్ల వెనక వాళ్ళు కాగితాలు చూస్తున్నారు. నా కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతున్నది. మణికట్టు దగ్గర ఒక్కసారి వెనక్కి వంచితే చాలు. పదేళ్ళుగా రోజూ చేసిన సైగ. ఆ చేతిని నేను జేబులో పెట్టుకున్నాను.

ఇంతకన్నా దీన్ని అందంగా చెప్పడం నాకు రాదు. భయపడ్డాను, కంగారుపడ్డాను, ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు అని నాకు నేను చాలా చెప్పుకున్నాను. అన్నీ నిజమే. చెయ్యి జేబులో పెట్టుకున్నది కూడా నిజమే.

మామ కొంచెంసేపు చూసి, "నాకు పేర్లు తెల్వయి సార్" అన్నాడు. వాళ్ళు "సరే, చాలు" అన్నారు.

తిరుగు బస్సులో మా ఊరి మలుపు వచ్చాక మామ అడిగాడు:

"గా సారు అడిగిన ఉష్ట్రమేందో, మనం మడిమెలు పట్టుకునేదేనా?"

"అవును మామా."

"గట్లనా. నాకు తెల్వకపాయె."

నా చెయ్యి చూశాడో లేదో, చూసి ఊరుకున్నాడో, ఈ రోజుకూ నాకు తెలియదు. అడిగి ఉంటే బాగుండేది. నలుగురిలో తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, మన తప్పును మన దగ్గరే వదిలేసి పోతారు.

ఉద్యోగం నాకొచ్చింది. దవాఖాన హాలులో టైల్స్ నేల, రంగురంగుల చాపలు, నా చేతిలో మైకు. మొదటి వారం నాకే ఊపిరి లెక్క కుదరలేదు. అంత నిశ్శబ్దంలో ఎప్పుడు వదలాలో తెలియక మైకులో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టాను. వచ్చినవాళ్ళు రిటైరైన ఉద్యోగులు, షావుకార్లు, టీచరమ్మలు. సాంచెల వాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆ వేళకు వాళ్ళకు షిఫ్టు. కార్ఖానాలో ఆ నాలుగు సాంచెలూ తీసి అమ్మేశారు. ఆసామి ఆ జాగలో గోదాం కట్టాడు. మామ సందు పోయింది.

ఒకరోజు పొద్దున మామ నా హాలుకు వచ్చాడు. ఉతికిన లుంగీ, భుజాన తువ్వాల. కొత్తగా వచ్చినవాళ్ళ వివరాలు రాయడానికి రిజిస్టరు ఒకటి ఉంటుంది. పేరు, వయసు, నొప్పులు ఏమన్నా ఉన్నాయా, ఇంతకుముందు యోగా చేశారా. నేను కలం పట్టుకుని ఆగిపోయాను.

"ఏం రాయాలె మామా?"

"కొత్తగ అని రాయి అల్లుడా. పేర్లు నేర్సుకుంట."

రాశాను. నాకు నేర్పినవాడి పేరు ఎదురుగా "కొత్త" అని నా చేతులతోనే రాశాను.

వెనక వరసలో, గోడ పక్క చాప మీద కూర్చునేవాడు. ఎంత జాగ ఉన్నా మోచేతులు పక్కటెముకలకు ఆనించే పెట్టేవాడు. నేను పేరు చెప్పగానే పెదవులు కదిపి దాన్ని లోపల అనుకునేవాడు. అందరూ ఆసనం వేసేవాళ్ళు, మామ మాత్రం ముందు పేరు అనుకుని తర్వాత వేసేవాడు. మూడు వారాలు ఒక్కరోజు తప్పకుండా వచ్చాడు. మళ్ళీ పోస్టు పడితే పెట్టుకోవడానికి నేర్చుకుంటున్నాడేమో అని నాకు లోపల భయం. నా బుద్ధి అక్కడిదాకా పోయింది.

నాలుగో వారంలో ఒకరోజు, మామ పక్క చాప మీద రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన ముందుకు వంగుతూ ఊపులు ఊపుతున్నాడు. కాలివేళ్ళు అందుకోవాలని ఆయన పట్టుదల. మామ ఊరుకోలేకపోయాడు. జరిగి ఆయన వీపు మీద రెండు వేళ్ళు పెట్టి తట్టాడు. పోస్టుమాస్టరు ఆగి, మెల్లగా వదిలి, "అబ్బా, హాయిగా ఉందండీ" అన్నాడు. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒకామె "మాకు కూడా చూపించండి" అన్నది.

నేను మైకులోనే అన్నాను: "మామా, క్లాసు మధ్యలో ఎవరి మీదా చేతులు పెట్టొద్దు. ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది నేను. చూసి చేయడం వరకే మీ పని."

ఎవరో కిసుక్కుమన్నారు. మామను నేను అంతవరకు ఏనాడూ "మీరు" అనలేదు. మామ చెయ్యి వెనక్కి తీసుకుని తన చాప మీదికి జరిగాడు. నేను తర్వాతి ఆసనం పేరు చెప్పాను. మామ పెదవులు కదపలేదు. అయ్యాక అందరి చాపలూ ఎవరిది వాళ్ళు వదిలేసి పోతే, మామ తనది చుట్టి, పోస్టుమాస్టరుది కూడా చుట్టి మూల పెట్టి పోయాడు. మర్నాటి నుంచి రాలేదు. ఆ వారంలోనే పోస్టుమాస్టరు నడుము పట్టి పడ్డాడు. ఊపులు ఊపొద్దని నేను చెప్పలేదు, నేను పేర్లు చెప్పడంలో ఉన్నాను.

ఆర్నెల్లు గడిచాయి. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. మామ ఇల్లు మా ఇంటికి మూడు గల్లీల అవతలే. అటు పోవాల్సి వస్తే బండి తిప్పి వేరే తోవన పోయేవాణ్ణి. ఒకసారి కూరగాయల అంగడిలో ఎదురుపడ్డాం. "నడుము ఎట్లున్నది అల్లుడా?" అని అడిగాడు. "మంచిగున్నది మామా" అన్నాను. అదే ఆఖరి మాట. క్షమించమని అడగడానికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది? చేతిలో టమాటల సంచీ ఉన్నదని వచ్చేశాను.

బావ ఫోను వచ్చాక పోయాను. మామ ఇంటి ముందు గల్లీలో టార్పాలిన్ తడపత్రి పరిచారు. కార్ఖానా వాళ్ళంతా దాని మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మామ దగ్గర నేర్చినవాళ్ళల్లో నేను కాక మిగతా ఎనిమిది మందీ ఉన్నారు. ఎవరి వీపూ వంగి లేదు. నన్ను చూసి ఒకరిద్దరు జరిగి సందు ఇచ్చారు. నేను చెప్పులు విడిచి ఒక కాలు తడపత్రి మీద పెట్టాను.

మామ తల దగ్గర కూర్చున్న అత్త అప్పుడు తలెత్తింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా అందరికీ వినబడింది.

"సారొచ్చిండు. సారుకు కుర్చెయ్యుండ్రి."

"వద్దత్తా" అన్నాను. అత్త నా వైపు చూడలేదు. "కింద ఎందుకు సారూ" అని మళ్ళీ మామ మొహం మీది ఈగలు తోలుతూ ఉండిపోయింది.

ఎవరో లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తడపత్రి అవతల, మట్టిలో వేశారు. నేను కూర్చుంటానా అని అందరూ చూస్తున్నారు. నేను కూర్చున్నాను. అంతమందిలో నేనొక్కణ్ణే ఎత్తు మీద ఉన్నాను. మామ మొహం అక్కడి నుంచి బాగా కనబడుతున్నది. గంటసేపు అట్లాగే కూర్చున్నాను. ఎవరూ నాతో మాట్లాడలేదు, ఎవరూ నన్ను కోపంగా కూడా చూడలేదు.

పాడె లేపేటప్పుడు బావ, ఇంకా ముగ్గురు మోకాళ్ళ మీద కూర్చుని, నడుములు నిటారుగా పెట్టి, ఒక్కసారి ఊపిరి వదిలి లేచారు. మామ చేత్తో నేర్పిన లేవడమే అది. నేనూ గబుక్కున లేచాను, భుజం ఇవ్వాలని. కుర్చీ నా వెనక బోల్తా పడింది. ఆ చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. వంగి దాన్ని ఎత్తి నిలబెట్టాను. తలెత్తేసరికి పాడె గల్లీ మలుపు తిరిగింది. డప్పుల మోత వినబడుతున్నది. అత్త ముందున్న తడపత్రి ఖాళీగా ఉన్నది. నేను కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాను.